మూల తుడిచిన చెయ్యి

నేల మీద పరిచి ఉన్నదాన్ని చూడగానే రోజారమణి గుమ్మంలోనే ఆగి చెప్పులు విప్పేసింది. విప్పమని ఎవరూ అనలేదు.

పడవలదిబ్బ తుఫాను షెల్టరు పై అంతస్తులో ఉన్న పెద్ద హాలది. గోడవారగా మనిషి నడిచేంత దోవ వదిలి, మిగిలిన నేలంతా ముగ్గుతో నింపేశారు. తొమ్మిదేళ్ళ కిందట మూతపడ్డ క్రోము ఫ్యాక్టరీ మొత్తం ఆ ముగ్గులో ఉంది. ప్రహరీ, బాయిలరు షెడ్డు, పొగగొట్టం, పసుపు నీళ్ళు నిలవబెట్టిన గుంటలు, గోడ బయట ఊరి వీధులు, ఆ పైన పులికాటు సరస్సు. వాటి మీద లెక్కకు అందనన్ని తెల్ల గుల్లలు, బొగ్గు ముక్కలు.

నేరం జరిగిన చోట్లు రోజారమణి చాలా చూసింది. పోలీసు ఉద్యోగంలో కొన్ని, అది మానేసి నెల్లూరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక మరికొన్ని. ఎక్కడ చూసినా మనుషులు పోగొట్టుకున్నవే కనిపించేవి. ఊరు ఊరంతా తన మనసులో ఉన్నది తెచ్చి నేల మీద పెట్టిన చోటును చూడటం ఇదే మొదలు. ఊపిరి గట్టిగా వదిలితే ఏది చెదురుతుందోనని ఆమెకు భయం వేసింది.

"గుల్ల పెట్టిన చోట మాకేం కావాల్నో అది మేడం. బొగ్గు పెట్టిన చోట మేం ఏం చెడు చూసినామో అది" అంది చెంచులక్ష్మి. చేపలమ్ముకునే మనిషి. ఊరి కమిటీ తరఫున రోజారమణికి పొద్దున్నే ఫోన్ చేసి పిలిపించింది ఆమే.

"ఇక్కడ ఇన్ని గుల్లలున్నాయేంటి అక్కా?"

"ఆ ఖాళీ జాగా కోసరం పెద్ద రచ్చే అయినాది. మగోళ్ళు క్రికెట్టు గ్రౌండన్నారు. మేం చేపలెండబెట్టే కళ్ళమన్నాం. కొట్టుకోనుంటే సుకుమార్ సారు నవ్వతా కూచున్నాడు. ఆఖరికి పొద్దున కళ్ళం, సాయంత్రం గ్రౌండని రాజీ పడినాం." ఆమె మెట్ల వైపు చూసింది. "ఆయన నవ్వు ఇంగా చెవులోనే ఉండాది మేడం."

ఆ ఫ్యాక్టరీ జాగాను శుభ్రం చేశాక దాన్ని ఏం చెయ్యాలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే చెప్పాలని కోర్టు తీర్పిచ్చింది. వాళ్ళకు సాయంగా వచ్చిన ప్లానర్ సుకుమార్. కుర్చీలు తీయించి, నేల మీద ముగ్గు వేయించి, మీరే పెట్టండని పక్కకు జరిగినవాడు. రేపే అధికారుల ముందు సభ. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక అతనొక్కడే హాల్లో ఉండిపోయాడు. తెల్లారి చెంచులక్ష్మి వచ్చేసరికి కింది మెట్టు దగ్గర తల పగిలి, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. కమిటీ పెద్ద పద్మనాభయ్య తన కారులోనే నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ప్రాణం ఉంది. మాట లేదు.

పొద్దున ముగ్గు మీద కప్పిన టార్పాలిన్ అంచులకు ఇటుకలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట. కమిటీవాళ్ళు దాన్ని తీసి చూస్తే అంతా ఉన్నదున్నట్టే ఉంది, ఒక్క ఆగ్నేయ మూల తప్ప. అక్కడ గుల్ల లేదు, బొగ్గు లేదు, రంగులన్నీ కలిసి బూడిదరంగు పొడి మిగిలింది.

"గాలికి చెదిరినట్టుంది."

వెనక నుంచి వచ్చిన ఆ గొంతును రోజారమణి తిరగకుండానే గుర్తుపట్టింది. మాల్యాద్రి. డీఎస్పీగా రిటైరై, ఆ జాగా కొని గోడౌన్లు కట్టాలని చూస్తున్న కంపెనీకి సెక్యూరిటీ అధికారిగా చేరాడు. ఒకప్పుడు ఆమె ఆయన కింద ఎస్సైగా పనిచేసింది. ఆయన మూసెయ్యమన్న కేసును ఆమె మూయలేదు. ఆ గొడవలోనే ఆమె ఉద్యోగం వదిలేసింది.

"గాలి టార్పాలిన్ ఎత్తి, మూల ఊడ్చి, మళ్ళీ కప్పి ఇటుకలు పెట్టిందా మాల్యాద్రి గారూ?"

"సుకుమారే తుడిచుండచ్చు కదా. తప్పుగా వచ్చిందేమో. ఆ తర్వాత కరెంటు పోయింది, చీకట్లో మెట్లు దిగాడు, జారాడు. స్టేషన్లో కూడా అదే రాసుకున్నారు. నువ్వొచ్చి దీన్ని హత్యాయత్నం కేసుగా మారిస్తే రేపటి సభ ఆగిపోతుంది. నీకు కావాల్సింది అదేనా?"

"మీ కంపెనీకి కావాల్సింది ఏంటో ముందు చెప్పండి."

"సభ జరగడం. జాగా తేలడం. వీళ్ళు కళ్ళమడిగితే కళ్ళానికి జాగా వదిలేస్తామని రాసిచ్చాం. మాకు దాచుకోడానికేం లేదు." ఆయన ముఖం ఎర్రబడింది. "నా మీద నీకున్న కోపం ఈ ఊరి మీద తీర్చుకోకు."

ఆ మాట తగిలింది. అయినా ఆమె మూల దగ్గర మోకాళ్ళ మీద వంగింది. చీపురు గీతలు స్పష్టంగా ఉన్నాయి. గోడ వైపు నుంచి లోపలికి ఊడ్చారు, ఒకే చేతి వాటం. ఒక్కచోట మాత్రం గీతలు వంకర తిరిగాయి. అక్కడ పసుపు పూసిన చిన్న ఇటుక ముక్క ఉంది. చీపురు దాని దగ్గరకొచ్చి, చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ మొదలైంది. ఇటుక మీద పసుపు గీసుకుపోలేదు, దాని కిందున్న ముగ్గు గింజంతైనా చెదరలేదు.

"ఇదేంటి అక్కా?"

"మా పోలేరమ్మ. ఫ్యాక్టరీ గోడ అవతల రాయి ఉండాది."

"పైన పేరేం రాయలేదే?"

"మా ఊరోళ్ళకి పేరు రాయాల్నా?"

రోజారమణి లేచి నిలబడింది. తొందరలో, భయంలో, పట్టుబడతానన్న దడలో కూడా ఆ చెయ్యి అమ్మవారిని దాటలేకపోయింది.

"మాల్యాద్రి గారూ, మీ మనుషులు కాదు. వీళ్ళంతా పొద్దుటి నుంచి మిమ్మల్నే తిట్టుకుంటున్నారు. కానీ బయటివాడికి ఇది ఇటుక ముక్క. ఊడ్చిన మనిషికి ఇది దేవత. ఊరివాడే."

హాల్లో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అందరూ నేలకేసే చూశారు. తనను వదిలేసిన మాటకు సంతోషించాలో, ఆ మాట ఆమె నోట విన్నందుకు నొచ్చుకోవాలో మాల్యాద్రికి తెలిసినట్టు లేదు.

ఫ్యాక్టరీ వాచ్‌మన్ మస్తాన్ కింద మెట్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గేటు దగ్గర అతని గది నుంచి చూస్తే షెల్టరు కిటికీలు ఎదురుగా కనిపిస్తాయి. రోజారమణి అతని పక్కన మెట్టు మీదే కూర్చుంది.

"నిన్న కరెంటు పోయినప్పుడు హాల్లో లైటు వెలుగుతోందా?"

"ఎలగతా ఉండె మేడం. కరెంటుతో పాటే పోయినాది."

"కరెంటు వచ్చాక?"

"మళ్ళా ఎలిగినాది. నేను అన్నం తిని చెయ్యి కడుక్కునే దాకా ఎలగతానే ఉండె. తర్వాత ఆర్పేసినారు."

"చూశారా?" అని ఆమె పైకి చూసింది. మెట్ల మీద నిలబడిన మాల్యాద్రి విన్నాడు. చీకట్లో జారిపడ్డవాడు కరెంటు వచ్చాక లేచివెళ్ళి లైటు ఆర్పి రాడు.

"పైకి ఎవరెక్కారో చూశావా మస్తాన్?"

"లేదు మేడం. నిజంగా లేదు." చేతులు పిసుక్కున్నాడు. "కుక్కుంటే మొరిగుండేది. పోయినేడు చచ్చిపోయినాది. ఎనకమాల మూల గుంటలో నీళ్ళు తాగి."

"పసుపు నీళ్ళా?"

"కాదు. తేట నీళ్ళే."

ఫ్యాక్టరీ విషం పసుపని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తేట నీళ్ళు తాగి కుక్క ఎందుకు చస్తుంది?

పైకి వచ్చి చెంచులక్ష్మిని పక్కకు పిలిచింది. "నిన్న మీటింగయ్యాక సుకుమార్ మిమ్మల్ని ఏమన్నా అడిగాడా? ఎంత చిన్న మాటైనా సరే."

"అడిగినాడు. మెట్లు దిగతా ఉంటే ఎనక్కి పిలిచి, అక్కా, మీ గేది ఏ సంవత్సరం చచ్చిందన్నాడు. పోయిన వానల్లో అన్నా. అంతే, ఆయన మొకం ఒక మాదిరిగా అయిపోయినాది. ఇంగో ఇద్దుర్ని గూడా అట్నే అడిగినాడు, మీది ఎప్పుడు, మీది ఎప్పుడని."

ఎక్కడ అని నెల రోజులుగా అందరూ చెబుతూనే ఉన్నారు. ఎప్పుడు అని అడిగిన సాయంత్రమే అతని తల పగిలింది.

"అక్కా, ఆ మూలలో బొగ్గు పెట్టినవాళ్ళందరినీ రమ్మనండి. ఎవరి ముక్క వాళ్ళు మళ్ళీ పెట్టాలి."

"ఇప్పుడా?" కిటికీ పక్కన కుర్చీలోంచి పద్మనాభయ్య అన్నాడు. ఊరి చుట్టూ సగం పొలాలు ఆయనవే. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చాడు, ఖద్దరు చొక్కా చేతి మీద సుకుమార్ రక్తం ఎండి ఉంది. "రేపు సభ పెట్టుకోని మళ్ళా మొదటికొస్తే ఎట్టమ్మా? జనం అలిసిపోయినారు. ఒక మూల లేకపోతే ఏం? మిగతాదంతా ఉండాది కదా."

"ఒక మూలే కదయ్యా. ఎంతసేపు పడుతుంది?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

జనం వచ్చారు. రోజారమణి పది మందో ఇరవై మందో అనుకుంది. షెల్టరు మెట్లు నిండిపోయాయి. తడి లుంగీలతో సరస్సు నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, పొలం బురద కాళ్ళకు అంటించుకుని వచ్చినవాళ్ళు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. ఎవరి చేతిలో చూసినా సొంత పొయ్యిలోంచి తెచ్చుకున్న బొగ్గు ముక్క. చెప్పులు మెట్ల కిందే వదిలేశారు. తోసుకోలేదు, అరుచుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు గోడవారగా నడిచొచ్చి, వంగి, తమ ముక్క పెట్టి, ఒక మాట చెప్పి తప్పుకున్నారు.

"మా గేది ఈడ పడిపోయినాది."

"ఈడ గడ్డి మాడిపోయింది. నిప్పు పెట్టకుండానే."

"ఇక్కడ నా కాలు బొబ్బలెక్కింది" అంది కాలేజీ చదివే ఫేబీ. "నీళ్ళు తేటగానే ఉన్నాయి మేడం. కానీ నెయిల్ పాలిష్ వాసన. నేను అప్పుడే చెప్పా, ఇంట్లో నవ్వారు."

ఒక ముసలాయన ముక్క పెట్టి, కాదని తల ఊపి, తీసి, బెత్తెడు పక్కన పెట్టి, మళ్ళీ కళ్ళు మూసుకుని ఆలోచించి, తృప్తిపడి లేచాడు. ఆయన వెనక నిలబడ్డవాళ్ళు ఓపిగ్గా ఆగారు. గుడిలో కూడా అంత నిశ్శబ్దం రోజారమణి చూడలేదు. ఏ ఒక్కరికీ మూల మొత్తం తెలియదు. తన గేది తెలుసు, తన కాలు తెలుసు, తన కంచె పక్కన మాడిన గడ్డి తెలుసు. అవన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరుతుంటే, తుడిచేసిన చోట భూమి తనంతట తానే మళ్ళీ పైకి తేలుతున్నట్టుంది. మాల్యాద్రి ఎప్పుడు చెప్పులు విప్పాడో, ఆయన కూడా వట్టి కాళ్ళతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చివరి మనిషి లేచాక ఆమె ఎర్ర ముగ్గు డబ్బా చేతిలోకి తీసుకుంది.

"ఒక్క సంగతి. ఫ్యాక్టరీ నడుస్తున్నప్పుడు జరిగిందైతే అలాగే వదిలెయ్యండి. మూతపడ్డాక జరిగిందైతే మీ బొగ్గు మీద చిటికెడు ఎర్రపొడి వెయ్యండి. ఈ మూలవాళ్ళే కాదు, హాల్లో అందరూ."

డబ్బా చేతులు మారింది. బాయిలరు షెడ్డు దగ్గర ఎరుపు పడలేదు. పసుపు గుంటల దగ్గర ఒక్క చిటికెడు. మిగతా హాలంతా నల్లగానే మిగిలింది. ఆగ్నేయ మూల మాత్రం ముక్క తర్వాత ముక్క ఎర్రబడుతూ పోయింది. ఫేబీ వేసింది, చెంచులక్ష్మి వేసింది, ముసలాయన వేశాడు. మస్తాన్ కూడా వచ్చి కుక్క కోసం ఒక బొగ్గు పెట్టి ఎరుపు చల్లాడు.

అందరూ వెనక్కి జరిగారు. ఎవరో "అమ్మా పోలేరమ్మా" అన్నారు, గొంతులోనే.

అది గుంపు కాదు, దోవ. తుఫానుకు కూలిన వెనక ప్రహరీ దగ్గర మొదలై, ఫ్యాక్టరీవాళ్ళు వాడి వదిలేసిన పాతబోరు దాకా గీత గీసినట్టు ఎర్రగా ఉంది. తొమ్మిదేళ్ళుగా యంత్రం తిరగని చోట, పోయిన వానల్లో గేది చచ్చింది, పోయినేడు కుక్క చచ్చింది, నిప్పు లేకుండానే గడ్డి మాడింది.

"పాత విషం కాదిది" అంది రోజారమణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడు తెచ్చి పోస్తున్నారు. ఎక్కడివో ట్యాంకర్లు, దోవంతా కారుతూ. పాతబోరులోకి. పాత ఫ్యాక్టరీ జాగా కదా, ఏం బయటపడ్డా పాత పాపమే అనుకుంటారని."

"మా సర్వేలో ఇది లేదు" అన్నాడు మాల్యాద్రి నెమ్మదిగా. ఆమెతో వాదించడానికి అన్నమాట కాదది.

"మస్తాన్, ట్యాంకర్లు నీ గేటు దాటి రాలేదు కదా?"

"రాలా మేడం. ఆ గేటు తాళం తుప్పు పట్టిపోయినాది. చీకటి పడినాక ఎనకమాల ఇంజను సద్దు మాత్రం ఇనపడతాది. సరుగుడు కర్ర లారీలని చెప్పినారు. కర్ర కొట్టుకోని పోతా ఉండారని."

రోజారమణి కిటికీ దగ్గరికెళ్ళి చూసింది. కూలిన ప్రహరీ వెనక సరుగుడు తోట గోడలా నిలబడి ఉంది, ఆకు సందున ఆకాశం కనిపించనంత దట్టంగా.

"కర్ర లారీలు ఏడాదిగా తిరుగుతుంటే తోటలో ఒక్క చెట్టు కూడా తగ్గలేదేం? ఆ తోట ఎవరిది మస్తాన్?"

అతను చెప్పాల్సిన పని లేకపోయింది. హాల్లో తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

పద్మనాభయ్య కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించి లేవలేకపోయాడు. "ఆ అబ్బాయిని నేను తోయలా" అన్నాడు. "ఒట్టు. మెట్ల మీద చెయ్యి పట్టుకున్నా. సభలో ‘ఎప్పుడు’ అనే మాట ఎత్తొద్దు నాయనా, నేను ఆపించేస్తానని బతిమలాడినా. విదిలించుకున్నాడు. పడినాడు. బతికే ఉన్నాడని చూసినా, అయినా... పైకొచ్చి ఊడ్చినా. తెల్లారి నేనే కదా ఎత్తుకోని పోయింది."

"రాత్రంతా ఆయన్ని మెట్ల కింద వదిలేశారు" అంది రోజారమణి.

ఆయన తల వంచుకున్నాడు. "తోటలో దోవ ఇచ్చినా. అంతే నేను చేసింది. ఏం పోస్తారో అడగలా."

చెంచులక్ష్మి ముందుకొచ్చింది. తన చేతి గాజుల్లోంచి నీలం గాజొకటి తీసి, వంగి, ఎర్ర గీత చివర, పాతబోరుకు పక్కనే, ప్రహరీకి ఊరి వైపున పెట్టింది.

"ఇది ఎవురూ పెట్టలా మేడం. మంచిదే కదా, దీనికి బొగ్గెందుకని. మంచినీళ్ళ కొత్తబోరు. ఎండాకాలంలో ఏసినారు. ఊరంతా ఇప్పుడు తాగేది దీన్నే."

పోలీసు పనిలో, సొంత పనిలో రోజారమణి విన్న ఏ సాక్ష్యమూ ఆ గాజు నేలను తాకిన చప్పుడంత గట్టిగా వినిపించలేదు.

చెంచులక్ష్మి లేచి పద్మనాభయ్య ఎదుట నిలబడింది. "అయ్యా. ఎండాకాలం నుంచి మీ ఇంటికి క్యాను నీళ్ళు వస్తా ఉండాయి. మీ కోడలు నీళ్ళోసుకోనుండాదని, డాక్టరు చెప్పినాడని అన్నారు. అందుకేనా?"

ఆయన రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కింద వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. హాల్లో ఒక్కొక్కరుగా ఆ చప్పుడు విన్నారు.

"సాయంత్రం నీళ్ళు వదిలే వేళ" అన్నారెవరో.

"వాల్వు ఎక్కడుంది?" మాల్యాద్రి అరిచాడు. జవాబు కోసం ఆగలేదు. వట్టి కాళ్ళతోనే మెట్ల మీదికి దూకాడు. చెంచులక్ష్మి కొంగు నడుముకు చుట్టి ఆయన్ని దాటి ముందుకు పరిగెత్తింది. వెనక ఊరంతా కదిలింది. ఆ పరుగులో కూడా ఒక్కరి కాలు ముగ్గు మీద పడలేదు.

రోజారమణి కిటికీ ఊచలు పట్టుకుని కిందికి అరిచింది. సరస్సు గాలి ఆ అరుపును వెనక్కి తోసేసింది. కొళాయి కింద ఇత్తడి బిందె అప్పటికే నిండింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అంత పైనుంచి కూడా బిందె అడుగు తళతళా మెరుస్తూ కనిపిస్తోంది. పొలం నుంచి అలిసొచ్చిన ఒక మనిషి తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, ధార కింద దోసిలి పట్టి, నోటి దాకా ఎత్తాడు.